మ్యూనిక్‌లో కారు అద్దెకు తీసుకునేవాళ్లూ, చక్రాలు వీడియో తీశారా?

నిన్న రాత్రే శంషాబాద్‌లో దిగాం. నిద్ర పట్టక తెల్లవారుజామున నాలుగింటికి కూర్చుని ఇది రాస్తున్నాను, అక్కడక్కడా కోపం కనిపిస్తే సర్దుకోండి. ఏ సైట్‌లో బుక్ చేశానో చెప్పక్కర్లేదు, చౌకగా ఉందని మనవాళ్లందరూ వాడేదే. కౌంటర్ ఎవరిదో కూడా అక్కడికి వెళ్లినవాళ్లకు తెలుసు, క్యూ అన్నిటికంటే పొడుగ్గా ఉండేది.

ప్లాన్ మామూలే. ఎనిమిది రోజులు, మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్, స్లొవేనియాలో బ్లెడ్, తర్వాత వెనిస్, వెరోనా, ఇటలీ ఆస్ట్రియా సరిహద్దులోని బ్రెన్నర్ కనుమ మీదుగా మళ్లీ మ్యూనిక్. నేను, మా ఆవిడ, పాప, మా బావమరిది. ఇంటర్నేషనల్ పర్మిట్ ఆర్టీఓ ఆఫీసులో తీసుకున్నా, నా పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు పట్టుకెళ్లా, వేరే దేశాలకు తీసుకెళ్తున్నామని కౌంటర్‌లో ముందే చెప్పి దానికి అడిగిన ఫీజు నోరు మూసుకుని కట్టా. స్లొవేనియా వినెట్, అంటే హైవేల మీద తిరగడానికి ముందే కొనుక్కునే పాస్, వారానికి 16 యూరోలు, లేకుండా దొరికితే ఫైన్ 300 నుంచి మొదలని చదివి బోర్డర్ రాకముందే కొన్నా. ఆస్ట్రియా వినెట్ ఉన్నా బ్రెన్నర్ దారికి విడిగా టోల్ కట్టాలని కూడా తెలుసు. అన్నీ తెలిసిన మహానుభావుడిని కదా, అందుకే చక్రం దగ్గర బోల్తా పడ్డాను.

కారు తీసుకున్న రోజు సంగతి. పార్కింగ్ గరాజ్, అరకొర వెలుతురు, ఎనిమిది గంటల ఫ్లైట్ దిగిన మొహాలు. కాగితం మీద కారు బొమ్మ, దాని మీద రెండు చోట్ల ఇంటూ గుర్తులు. నేను చుట్టూ తిరిగి, వెనక ఎడమ చక్రం రిమ్ము కాస్త గరుకుగా ఉంది, రాయండి అన్నాను. తాళం ఇచ్చినవాడు వంగి కూడా చూడలేదు. చక్రాల మీద గీతలు మామూలే సార్, అవి రాయం, పైగా మీకు ఫుల్ కవర్ ఉంది కదా అన్నాడు. ఉంది కదా అనుకున్నాను నేనూ. సైట్‌లో కొన్నాను కాబట్టి కౌంటర్‌లో రోజుకు 34 యూరోల చొప్పున అంటగట్టబోయిన ఇన్సూరెన్స్ వద్దని గర్వంగా చెప్పి, బావమరిది వైపు ఒక చూపు కూడా చూశాను, నేర్చుకో అన్నట్టు.

దారంతా బానే గడిచింది, అది వేరే కథ. తిరిగి ఇచ్చేటప్పుడు వేరే కుర్రాడు వచ్చాడు, చేతిలో టాబ్లెట్. డోర్లు చూడలేదు, బంపర్ చూడలేదు. తిన్నగా వెనక ఎడమ చక్రం దగ్గరికి వెళ్లి గొంతుకూర్చుని, ఫోన్ లైటు వేసి, బొటనవేలితో దుమ్ము తుడిచాడు. గోరంత గీత. ఎక్కడ వెతకాలో ముందే తెలిసినవాడిలా ఒక్కసారికే దొరికింది. ఇది తీసుకున్నప్పుడే ఉంది, మీవాడికి చెప్పాను అంటే, కాగితం మీద లేదు కదా అన్నాడు.

సరే, నా దగ్గర వీడియో ఉందిగా! ఫోన్ తీసి చూపించాను. నలభై సెకన్ల వీడియో. అందులో ముప్పై సెకన్లు మా ఆవిడా పాపా కారు పక్కన నిలబడి చేతులూపడమే. చక్రం వచ్చేసరికి నా నీడ దాని మీద పడింది. వాడు విసుక్కోకుండా మొత్తం చూశాడు, ఫోన్ నా చేతికిచ్చి, 'మంచి ఫ్యామిలీ సార్' అని నవ్వాడు. నవ్వాడండీ. డబ్బు కంటే ఆ నవ్వే ఇప్పటికీ మండుతోంది. అటు ఫ్లైట్ టైమ్, ఇటు పాప బాత్రూమ్ అని గొడవ, సంతకం పెట్టేసి వచ్చాను. ఎందుకు పెట్టానో నన్నడగొద్దు, మా ఆవిడ ఇప్పటికే అడిగింది.

బోర్డింగ్ లైన్‌లో ఉండగా బ్యాంకు మెసేజ్: 1,186 యూరోలు. రిపేర్ 890, కారు తిప్పలేకపోయిన మూడు రోజులకు 231, కాగితాల ఖర్చు 65. రిమ్ము మీద గోరంత గీత పడితే కారు మూడు రోజులు మంచం పట్టిందట! మన డబ్బుల్లో లక్ష దాటింది, పైన బ్యాంకు ఫారెక్స్ చార్జీ వేరే. కౌంటర్ ఇన్సూరెన్స్ ఎనిమిది రోజులకు 272 అయ్యేది, లెక్క మీరే చేసుకోండి.

ఇక ఆ ఫుల్ కవర్ సంగతి. అది కారు కంపెనీకి పట్టదు. ముందు మన కార్డు నుంచి లాగేస్తారు, తర్వాత మనం రిపేర్ బిల్లు, ఒప్పందం, రెండు చెకింగ్ కాగితాలు పంపించి సైట్‌వాళ్లను దేబిరించాలి. రిపేర్ డబ్బులైనా వస్తాయేమో చూడాలి, కాగితాల ఖర్చు 65 మాత్రం తమ లెక్కలోకి రాదని చాట్‌లో అప్పుడే చెప్పేశారు. బిల్లు ఎప్పుడు పంపుతారని కంపెనీకి రాస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

వెళ్లేవాళ్లు నాలుగు చక్రాలూ దగ్గర్నుంచి, అద్దాలు, టాప్, కిలోమీటర్ల రీడింగ్, అన్నీ వెలుతురులోకి తెచ్చి వీడియో తీయండి, మనుషుల్ని పక్కకి జరగమనండి. గీతలు కాగితం మీద రాసేదాకా తాళం తీసుకోవద్దు. తిరిగి ఇచ్చేటప్పుడు రెండు గంటలు చేతిలో ఉంచుకోండి, ఒప్పుకోకపోతే సంతకం పెట్టకండి. ఇంతే, ఇంకేం చెప్పను.

అన్నట్టు వెరోనాలో మ్యాప్ చెప్పింది కదా అని ఒక సందులోకి తిప్పాను, తిప్పాక కనిపించింది పైన 'వార్కో ఆత్తీవో' అని వెలుగుతున్న బోర్డు, పక్కనే కెమెరా. బయటి కార్లు రాకూడని చోటు. విదేశాల్లో ఉండేవాళ్లకు ఆ ఫైన్ నోటీసు పంపడానికి ఇటలీవాళ్లకు 360 రోజుల గడువు ఉందట. నా అడ్రసు వాళ్లకు అందించినందుకు కారు కంపెనీ ఫీజు మళ్లీ అదే కార్డు మీద. ఇంట్లో ఈ ముక్క ఇంకా చెప్పలేదు.