ఐరన్‌సోర్స్ విలీనం తర్వాత యూనిటీ: చిన్న డెవలపర్‌గా నా అనుభవం

గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ (గేమ్ ఇంజిన్) యూనిటీ ఐదో వెర్షన్ ఉన్నప్పటి నుంచి దాని మీదే మొబైల్ గేమ్స్ చేస్తున్నాను. మాది చాలా చిన్న టీమ్. ఎడిటర్ స్పీడ్, లైటింగ్, ఫిజిక్స్ గురించిన రివ్యూలు మీరు చాలా చదివే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. ఇంజిన్ కంపెనీ ఇంకో కంపెనీని కొన్నప్పుడు ఆ ఇంజిన్‌నే నమ్ముకుని బతికే మాలాంటి వాళ్లకి ఏమవుతుంది, అదే రాద్దామని.

ముందు మంచి సంగతి. కొనుగోళ్లన్నీ చెడ్డవేం కావు. గేమ్‌లో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో ఒకప్పుడు యూనిటీ అసెట్ స్టోర్‌లో డబ్బులు పెట్టి కొనుక్కోవాల్సిన ప్లగిన్. 2017లో యూనిటీ దాన్ని తీసుకుని అందరికీ ఫ్రీగా ఇచ్చేసింది. 2018లో ఎడిటర్‌లోనే 3డీ మోడల్స్ చేసే ప్రోబిల్డర్, 2020లో కోడ్ టైప్ చేయకుండా బొమ్మలతో లాజిక్ కూర్చే బోల్ట్ కూడా అంతే, బోల్ట్ అయితే ఇప్పుడు విజువల్ స్క్రిప్టింగ్ పేరుతో ఇంజిన్‌లోనే ఉంది. జేబులో డబ్బుల్లేని డెవలపర్‌కి ఇవి నిజంగా పెద్ద సాయం, నేను ఇప్పటికీ రోజూ వాడుతున్నాను.

2022 జులైలో ప్రకటించిన ఐరన్‌సోర్స్ విలీనం మాత్రం వేరే రకం. 440 కోట్ల డాలర్ల డీల్, ఆ నవంబర్‌కి పూర్తయింది. ఐరన్‌సోర్స్ గేమ్స్ చేసుకోవడానికి పనికొచ్చే టూల్స్ కంపెనీ కాదు, యాడ్స్ కంపెనీ. దానికి ఇన్‌స్టాల్‌కోర్ అనే ఇన్‌స్టాలర్ ఉండేది, దాన్ని యాంటీవైరస్‌లు పట్టుకుని ఆపేసేవి, ఆ చరిత్ర తెలిసిన వాళ్లంతా అప్పుడే కంగారు పడ్డారు. విలీనం ప్రకటించిన ఆ జులైలోనే యూనిటీ సొంతంగా చేస్తున్న గిగాయా అనే శాంపిల్ గేమ్‌ని ఆపేశారు. ఒక కంపెనీ తన ఇంజిన్‌తో తనే పూర్తి గేమ్ చేస్తే మా కష్టాలు వాళ్లకీ తెలుస్తాయని మేం ఆశపడ్డ ప్రాజెక్ట్ అది. నాకు బాధ అనిపించింది అక్కడే. నిజానికి యాడ్స్ వైపు మొగ్గు అంతకుముందే ఉంది, 2021లోనే యూనిటీ ఆదాయంలో ఎక్కువ భాగం ఎడిటర్ సబ్‌స్క్రిప్షన్ల నుంచి కాకుండా యాడ్స్ ఉన్న విభాగం నుంచే వచ్చింది. విలీనంతో ఆ మొగ్గు ఖాయమైపోయింది.

ఆ తర్వాత 2023 సెప్టెంబర్ 12న రన్‌టైమ్ ఫీజు ప్రకటన వచ్చింది. పర్సనల్ (ఫ్రీ) ప్లాన్‌లో ఉన్న గేమ్‌కి ఏడాదిలో 2 లక్షల డాలర్ల ఆదాయం, మొత్తం 2 లక్షల ఇన్‌స్టాల్స్ దాటితే, ఆపైన ప్రతి ఇన్‌స్టాల్‌కి 20 సెంట్లు కట్టాలన్నారు. ఇండియా లాంటి దేశాల ఇన్‌స్టాల్స్‌కి 2 సెంట్లు. 2 సెంట్లే కదా అనుకోకండి, మన దేశంలో ఫ్రీ గేమ్ దింపుకుని ఒక్కసారి ఆడి తీసేసే వాళ్లు ఎంతమందో, వాళ్ల ఒక్కొక్కరి మీద యాడ్స్‌లో వచ్చేది పైసల్లో ఉంటుంది, దానికి రూపాయిన్నర పైన ఫీజు అంటే గేమ్ హిట్టయిన కొద్దీ టెన్షన్ పెరుగుతుంది. పైగా కొత్త గేమ్స్‌కే కాదు, 2024 జనవరి 1 నుంచి అప్పటికే స్టోర్‌లో ఉన్న వాటికి కూడా వర్తిస్తుందన్నారు.

ఇందులో చాలామంది పట్టించుకోని ఒక వాక్యం ఉంది. లెవల్‌ప్లే లాంటి యూనిటీ సర్వీసులు వాడేవాళ్లకి ఈ ఫీజులో క్రెడిట్లు దొరకవచ్చని ఆ ప్రకటనలోనే రాశారు. లెవల్‌ప్లే అంటే ఐరన్‌సోర్స్ నుంచి వచ్చిన యాడ్ మీడియేషన్, అంటే చాలా యాడ్ నెట్‌వర్క్‌లలో ఏది ఎక్కువ ఇస్తే దాని యాడ్ చూపించే వ్యవస్థ. ఇది ఇంజిన్ ఫీజు చూపించి యాడ్స్ వ్యాపారంలోకి లాగడం. విలీనం వల్ల మనకేం నష్టం అని అడిగేవాళ్లకి నేను చూపించేది ఆ ఒక్క వాక్యమే.

గొడవ గట్టిగానే జరిగింది కాబట్టి పది రోజుల్లో వెనక్కి తగ్గారు, పర్సనల్ ప్లాన్‌కి ఫీజు తీసేశారు, పాత వెర్షన్లకి వర్తించదన్నారు. అక్టోబర్‌లో సీఈఓ జాన్ రిక్కిటియెల్లో తప్పుకున్నారు. 2024 సెప్టెంబర్‌లో ఫీజునే పూర్తిగా రద్దు చేసి, బదులుగా ప్రో ప్లాన్‌లో సీటు (ఒక్క డెవలపర్ లైసెన్స్) ధర 8 శాతం పెంచారు, అప్పటికి ఏడాదికి 2,200 డాలర్లు అయింది. నా దృష్టిలో ఇది నిజాయితీ ఉన్న పద్ధతి, ధర పెరిగినా ముందే లెక్క వేసుకోవచ్చు. కానీ మధ్యలో 2024 జనవరిలో దాదాపు 1,800 మందిని, అంటే నాలుగో వంతు ఉద్యోగుల్ని తీసేస్తున్నామన్నారు. సినిమా ఎఫెక్ట్స్ కోసం 160 కోట్ల డాలర్లకి పైగా పెట్టి 2021లో ప్రకటించిన వెటా డిజిటల్ డీల్ వల్ల కూడా చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. అంత డబ్బు అటు వెళ్తుంటే తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చే షేపింగ్ టెక్స్ట్‌మెష్ ప్రోలో ఇంకా లేదు. అక్షరాల్ని సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఆధారంగా నడిచే కొత్త టెక్స్ట్ సిస్టమ్ యూనిటీ 6 దాకా రాలేదు, అదీ మెనూలు, బటన్లు చేసే యూఐ టూల్‌కిట్‌లోనే. తెలుగులో గేమ్ చేద్దామనుకునే నాకు ఇది చిన్న విషయం కాదు.

ఓనర్ మారితే ఎప్పుడూ ఇలాగే అవుతుందా అంటే, కాదు. గేమ్‌మేకర్ అనే ఇంకో ఇంజిన్‌ని 2021లో బ్రౌజర్ కంపెనీ ఒపేరా కొంది, 2023 నవంబర్‌లో డబ్బు సంపాదించని గేమ్స్‌కి ఫ్రీ చేసి, మిగతా వాళ్లకి నెలనెలా చందా తీసేసి ఒక్కసారి సుమారు 100 డాలర్లు కడితే చాలన్నారు, కన్సోల్ ఒక్కటే మినహాయింపు. మరోవైపు అన్‌రియల్ ఇంజిన్ చేసే ఎపిక్ 2019లో క్విక్సెల్ అనే కంపెనీని కొని, దాని 3డీ స్కాన్ల లైబ్రరీ మెగాస్కాన్స్‌ని అన్‌రియల్ వాడేవాళ్లకి ఫ్రీ చేసింది, 2024 చివరితో ఆ ఫ్రీ అయిపోయింది. అందుకే కొన్నవాడు ఎవరు అనే దానికంటే, వాడికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, అందులో మనం కస్టమర్లమా కాదా అని చూస్తాను.

గోడో అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్ కూడా వాడి చూశాను. ఎంఐటీ లైసెన్స్ (కోడ్‌ని ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు) కాబట్టి రేపు ఎవరు ఏం చేసినా ఇవాళ్టి కోడ్ మన దగ్గరే ఉంటుంది, 2డీకి హాయిగా ఉంది. కానీ యూనిటీలో కోడ్ రాసే సీ షార్ప్ భాషతో ఆండ్రాయిడ్ ఎక్స్‌పోర్ట్ గోడో 4.2లో ప్రయోగాత్మకంగానే మొదలైంది, యాడ్స్ ప్లగిన్లు బయటి వాళ్లు ఓపిగ్గా నడిపేవే. యాడ్స్ మీద బతికే గేమ్‌ని అక్కడికి మార్చమని నేనైతే చెప్పను.

ప్రస్తుతం నడుస్తున్న గేమ్స్ యూనిటీలోనే ఉంచి, కొత్త 2డీ ప్రాజెక్టులు గోడోలో మొదలుపెడుతున్నాం. యాడ్ కోడ్ మొత్తం ఒకే క్లాస్ వెనక పెట్టాం, మీడియేషన్ మార్చాలంటే గేమ్‌ప్లే కోడ్ ముట్టుకోనక్కర్లేదు. ఇంకో పని కూడా అలవాటు చేసుకున్నాం: ఏ వెర్షన్‌లో ప్రాజెక్ట్ మొదలైతే ఆ రోజు ఉన్న లైసెన్స్ షరతుల కాపీ ఆ ప్రాజెక్ట్ కోడ్ దాచే గిట్ రిపోలోనే వేసేస్తున్నాం.