చిగురు మీద పొక్కును వేడి పొక్కు అనుకోకండి

రూట్ కెనాల్ చేయించుకుని, నొప్పి పోయింది కదా అని ఆ పంటిని మరిచిపోయినవారు ఒక్కసారి అద్దం ముందు నిలబడి, పెదవి పక్కకు లాగి, ఆ పంటి దగ్గరి చిగురును చూడండి. అక్కడ ఆవగింజంత పొక్కు ఉండి, అప్పుడప్పుడు దానంతటదే చితికి, నోట్లో ఉప్పగానో చేదుగానో తగులుతుంటే అది ఒంట్లో వేడి వల్ల వచ్చినది కాకపోవచ్చు. పంటి వేరు చివర చేరిన చీము ఎముకను తొలుచుకుని బయటికి వేసుకున్న దారి కావచ్చు. నా విషయంలో అదే జరిగింది. అది తెలియడానికి 14 నెలలు పట్టింది. ఆ 14 నెలలూ మజ్జిగ, సబ్జా నీళ్లు తాగుతూ, రాసిచ్చిన మాత్రలు మింగుతూ గడిపాను.

మా ఊళ్లో కొత్తగా తెరిచిన పళ్ల ఆసుపత్రి బోర్డు మీద ‘ఒకే సిటింగ్‌లో నొప్పి లేని రూట్ కెనాల్, క్యాప్‌తో కలిపి 5,500 రూపాయలు’ అని ఉండేది. కుడివైపు కింది దవడ పన్ను పుచ్చిపోయి రాత్రిళ్లు నిద్ర పట్టని రోజులవి. వెళ్లాను. ముప్పావు గంటలో పని ముగించారు. డాక్టరు మర్యాదగా మాట్లాడారు, మత్తు సూది నొప్పి తెలియకుండా ఇచ్చారు, అందుకే నాకు ఏ అనుమానమూ రాలేదు. పని జరుగుతున్నంతసేపూ బుగ్గలో దూది ఉండలు పెట్టారు. అవి ఉమ్మితో తడిసినప్పుడల్లా తీసి వేరేవి పెట్టారు. చివర్లో ఎక్స్‌రే నా చేతికి ఇవ్వలేదు, చూపించనూ లేదు. పైన తాత్కాలికంగా సిమెంటు పెట్టి, “క్యాప్‌కు తొందరేమీ లేదు, వీలు చూసుకుని రండి” అన్నారు. పది రోజులకే ఆ సిమెంటు ఒక మూల రాలిపోయింది. ఫోను చేస్తే, “పర్వాలేదు, క్యాప్ వేసేటప్పుడు సరిచేస్తాం” అన్నారు. క్యాప్ పడేసరికి ఆరు వారాలు గడిచాయి.

ఎనిమిది నెలలు హాయిగా ఉన్నాను. తరువాత ఏప్రిల్‌లో ఆ పొక్కు కనిపించింది. ఎండలు ముదురుతున్నాయి, మామిడిపళ్లు తింటున్నాం, “వేడి చేసిందమ్మా” అన్నారు అత్తయ్య. ఆమె ప్రేమతో అన్నమాట అది, ఆమెను తప్పుపట్టను. కానీ ఆసుపత్రిలో కూడా అదే మాట అన్నారు. ఎక్స్‌రే తీయకుండానే ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాసిచ్చారు. పొక్కు తగ్గింది. మూడు వారాలకు మళ్లీ వచ్చింది. మళ్లీ మాత్రలు, మళ్లీ తగ్గడం, మళ్లీ రావడం. ఇలా మూడుసార్లు జరిగాక నేను వెళ్లడం మానేశాను. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకున్నాను.

నన్ను మోసం చేసింది ఆ నొప్పి లేకపోవడమే. చీము లోపలే బిగిసిపోతే ఒత్తిడికి పన్ను సలుపుతుంది. పొక్కు ద్వారా బయటికి కారిపోతుంటే ఒత్తిడి ఉండదు, నొప్పీ ఉండదు. లోపల మాత్రం నివురుగప్పిన నిప్పులా ఎముక కరుగుతూనే ఉంటుంది. ఇక మాత్రల సంగతి. మందు ఎక్కడికి వెళ్లాలన్నా రక్తంతో పాటే వెళ్లాలి. నరం తీసేసిన పంటి లోపలికి రక్తప్రసారం ఉండదు. కాబట్టి యాంటీబయాటిక్ బయటి వాపును కొంత తగ్గించగలదు గానీ, వేరు లోపల కాపురం పెట్టిన సూక్ష్మజీవుల దగ్గరికి చేరలేదు. మూడు కోర్సులు కాదు, ముప్పై వాడినా నా పన్ను బాగుపడేది కాదు.

చివరికి బంధువులు బలవంతపెడితే ఎండోడాంటిస్టు దగ్గరికి వెళ్లాను. అంటే బీడీఎస్ తరువాత మరో మూడేళ్లు పంటి లోపలి చికిత్సలోనే ఎండీఎస్ చేసిన డాక్టరు. ఆమె చేసిన మొదటి పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అగరువత్తి పుల్ల కన్నా సన్నగా, రబ్బరులా వంగే ఒక గులాబి రంగు పుల్లను ఆ పొక్కు రంధ్రంలోంచి మెల్లగా లోపలికి జరిపి, అలాగే ఎక్స్‌రే తీశారు. ఫిల్ములో ఆ పుల్ల తెల్లటి గీతలా నేరుగా నా పంటి వెనక వేరు చివరికి వెళ్లి ఆగింది. అక్కడ మినపగింజంత నల్లటి నీడ. ఎముక ఉండాల్సిన చోటు అది.

తరువాత సీబీసీటీ స్కాన్‌లో, అంటే పంటిని అన్ని వైపుల నుంచీ చూపే 3డి ఎక్స్‌రేలో, కారణం బయటపడింది. కింది మొదటి పెద్ద దవడ పంటికి సాధారణంగా రెండు వేర్లుంటాయి. ముందు వేరులో నరం ఉండే సన్నటి కాలువలు రెండు, వెనక వేరులో ఒకటి, కొందరికి రెండు. నాకు రెండు. రెండోది అసలు తెరవనే లేదు. తెరిచిన కాలువలో నింపిన పదార్థం కూడా వేరు చివరికి ఐదు మిల్లీమీటర్ల ముందే ఆగిపోయింది. పై దవడ మొదటి పెద్ద పన్నుకైతే ముందు వేరులో రెండో కాలువ సగానికి పైగా మనుషుల్లో ఉంటుందని, అది చాలా సన్నగా ఉండి తరచూ తప్పిపోతుందని ఆమె చెప్పారు. దీనికి తోడు దూది ఉండల మధ్య చేసిన పని, రాలిన సిమెంటు, ఆరు వారాల ఆలస్యం. పైనుంచి ఉమ్మి దిగడానికి దారి తెరిచే ఉంది.

రూట్ కెనాల్ అంటేనే భయపడి పన్ను పీకించుకోవద్దని కూడా ఇక్కడే చెప్పాలి. శ్రద్ధగా చేస్తే ఎక్కువమందికి ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఒకే సిటింగ్‌లో చేయడం కూడా తప్పు కాదు. తొందర తప్పు, చూపించకపోవడం తప్పు. అందుకే డబ్బు కట్టేముందు అడగండి: పంటి చుట్టూ రబ్బరు డ్యామ్ వేస్తారా? ఇది పంటిని ఒక్కదాన్నే బయటికి ఉంచి ఉమ్మిని లోపలికి రానివ్వని పలుచటి రబ్బరు షీటు. నా పంటిలో ఎన్ని కాలువలు దొరికాయి? అన్నిటికన్నా ముఖ్యం, నింపాక తీసిన ఎక్స్‌రే చూపించమనండి, కాపీ తీసుకోండి. కాలువల్లోని తెల్లటి గీతలు వేరు చివరికి దాదాపు చేరాలి. చివరికి రెండు మిల్లీమీటర్ల లోపు ఆగితే సరే. మధ్యలోనే ఆగినా, కొస దాటి బయటికి వెళ్లినా ఎందుకని అడగండి. దవడ పన్నుకు క్యాప్ రెండు మూడు వారాలకు మించి వాయిదా వేయకండి. సిమెంటు రాలితే మర్నాడే వెళ్లండి. ఆరు నెలలకో, ఏడాదికో మరో ఎక్స్‌రే తీయించుకోండి. దానికయ్యే కొద్దిపాటి ఖర్చుకు వెనకాడకండి.

కొన్ని లక్షణాలకు మాత్రం తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. దవడ కిందో మెడలోనో వాపు వ్యాపించడం, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టమవడం, జ్వరం, ఊపిరి అందకపోవడం. వీటిలో ఏది కనిపించినా పళ్ల ఆసుపత్రికి కాదు, నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఆ వాపు శ్వాసకు అడ్డుపడి ప్రాణం మీదికి తెస్తుంది. షుగరు ఉన్నవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పొక్కును గోటితో గిల్లకండి.

మొదటి ఆసుపత్రికి వెళ్లి నా ఎక్స్‌రేలు అడిగాను. లేవన్నారు. రసీదు మీద ‘పంటి చికిత్స’ అని తప్ప ఏ పన్నో కూడా రాయలేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, సలహాకు 1915 నంబరుంది. కానీ చేతిలో కాగితం లేకపోతే ఏం చూపిస్తాం? అందుకే పన్ను నంబరుతో సహా బిల్లు రాయించుకోండి.

మళ్లీ చేయించుకోవడానికి స్కాన్, చికిత్స, కొత్త క్యాప్ కలిపి నాకు 19,000 రూపాయలు అయింది. పాత క్యాప్ తీసి, పాత పదార్థమంతా తవ్వి, నాలుగో కాలువ తెరిచి, బ్లీచింగ్ వాసన వచ్చే ద్రావణంతో చాలాసేపు కడిగారు. కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి రెండు వారాలు ఆగమన్నారు. ఒక్క యాంటీబయాటిక్ మాత్ర కూడా రాయలేదు. రెండోసారి వెళ్లేసరికి పొక్కు ఎండిపోయింది. ఆరు నెలల తరువాతి ఎక్స్‌రేలో ఆ నల్లటి నీడ సగమైంది. ఎముక పూర్తిగా నిండడానికి ఇంకా సమయం పడుతుందన్నారు. మా ఆడపడుచు కూడా నా మాట విని ఆ మొదటి చోటే రూట్ కెనాల్ చేయించుకుంది. ఆమెకు నొప్పి లేదు, పొక్కూ లేదు. అయినా వచ్చే సోమవారం ఎక్స్‌రే తీయించడానికి నేనే వెంట వెళ్తున్నాను.