పుట్టినరోజు కేకా, ఆసుపత్రి మంచాలా?

ఆఫ్రికాలో మూడు నెలలు కూడా తేడా లేకుండా జరిగిన రెండు సంగతులివి. 2016 ఫిబ్రవరిలో జింబాబ్వేలో కరవు, పంటలు ఎండి పశువులు చచ్చిపోతుంటే ప్రభుత్వమే విపత్తు ప్రకటించింది, సరిగ్గా ఆ నెలలోనే, కరవు బాగా దెబ్బతీసిన మస్వింగోలోనే, అప్పటి అధ్యక్షుడు ముగాబేకి 92వ పుట్టినరోజు వేడుక. 92 కిలోల కేకు, టెంట్లు, బెలూన్లు, వేలల్లో జనం. ఖర్చు 8 లక్షల డాలర్ల దాకా అని వార్తలొచ్చాయి. ఇలాంటివాటికి విరాళాలే కదా అనేస్తారు, మరి అవే విరాళాలు తిండిగింజలకి ఎందుకు రావో!

టాంజానియాలో అప్పటి అధ్యక్షుడు మగుఫులి 2015 డిసెంబర్ 9 స్వాతంత్ర్య దినోత్సవ వేడుకల్నే రద్దు చేశాడు. జనం కలరాతో పోతుంటే ఈ హంగామా ఏంటని, ఆ రోజు ఊళ్లు శుభ్రం చేయమని, తనే వీధిలోకొచ్చి చేతుల్తో చెత్త ఎత్తాడు. అంతకుముందే పార్లమెంటు విందు ఖర్చు కోసేసి, ముహింబిలి ఆసుపత్రికి మంచాలు కొనిపించాడు. ఇందులో షో లేదనను, కెమెరాలు పక్కనే ఉన్నాయి (తర్వాత ప్రతిపక్షాన్ని అణిచిన తీరు వేరే కథ). అయినా నాకు ఇదే నయం. షో చేసినా మంచాలైతే వచ్చాయి.