అద్దె ప్రొజెక్టర్ రివ్యూ: సెమీస్‌కి తెచ్చాం, ఫైనల్‌కి మళ్లీ చెప్పాం

ఎల్లుండి, ఆదివారం (2022 డిసెంబర్ 18) రాత్రి ఎనిమిదిన్నరకి ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్. అర్జెంటీనా, ఫ్రాన్స్. నేను అర్జెంటీనా పక్షం. రివ్యూ మాత్రం ఇవాళే రాసేస్తున్నాను. మ్యాచ్ అయ్యాక రాస్తే గెలిచిన ఊపో, ఓడిన కోపమో మొత్తం ప్రొజెక్టర్ మీదే చూపిస్తానని నాకు తెలుసు.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒక చిన్న షాపు ఇచ్చే సెట్టు ఇది. ప్రొజెక్టర్, ఎనిమిది ఇంటూ ఆరు అడుగుల తెర, దానికో స్టాండు, హెచ్‌డీఎంఐ కేబుల్. రోజుకి 1,800 అద్దె, 3,000 డిపాజిట్. షాపు పేరు రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మాది సికింద్రాబాద్‌లోని అమ్ముగూడ. ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం పుట్టిన చోటు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టులో ఆయన ఉన్నాడు, ఆ జట్టు కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. కాబట్టి రైల్వేలో రిటైరైన మనిషి అర్ధరాత్రి డాబా మీద తెర కడుతుంటే ఈ ఏరియాలో ఎవరూ వింతగా చూడరు. మా ఆవిడ తప్ప.

మంగళవారం అర్ధరాత్రి దాటాక 12:30కి అర్జెంటీనాకి క్రొయేషియాతో సెమీస్. ఫైనల్ కూడా అదే లుసైల్ స్టేడియంలో, అవే లైట్ల కింద. ఇంతకంటే మంచి ట్రయల్ దొరకదని ఒక్క రాత్రికి తెప్పించాం. సాయంత్రం ఆరుకి వస్తానన్న కుర్రాడు తొమ్మిదిన్నరకి వచ్చాడు. రిమోట్ తేలేదు. కేబుల్ పది మీటర్లన్నారు, మా డాబా మెట్ల దగ్గరున్న సెట్‌టాప్ బాక్స్ దాకా కూడా అందలేదు. చివరికి బాక్సునే కుర్చీ మీద పెట్టి, డిష్ వైరు లాగి తెర దగ్గరికి తెచ్చాం. వెళ్తూ మాత్రం ఒక మంచి మాట చెప్పాడు: "అంకుల్, లాంప్ చల్లారేదాకా ప్లగ్ పీకకండి. ఫ్యాను ఆగాకే తీయండి."

ఇక బొమ్మ సంగతి. నేను అనుకున్నదాని కంటే చాలా బాగుంది. తెర ఎనిమిది ఇంటూ ఆరు అన్నా మ్యాచ్ వచ్చేది నాలుగున్నర అడుగుల ఎత్తులోనే, పైనా కిందా ఖాళీగా ఉంటుంది. అయినా చాలు. డాబా లైటు ఆర్పితే గడ్డి పచ్చగా కనిపించింది, వేస్తే మాత్రం వెలిసిపోయింది. నా అసలు భయం వేగం గురించి. బంతి జోరుగా వెళ్తే తోకచుక్కలా సాగిపోతుందేమో అని. 69వ నిమిషంలో మెస్సీ కుడి పక్క గీత వెంట పరుగు మొదలుపెట్టాడు. మాస్కు పెట్టుకున్న క్రొయేషియా డిఫెండర్ గ్వార్డియోల్ వెంటపడ్డాడు, ఆగాడు, తిరిగాడు, మళ్లీ వెంటపడ్డాడు. గోల్ లైను దాకా వెళ్లి వెనక్కి ఇస్తే అల్వరెజ్ లోపలికి కొట్టాడు. అంతసేపూ బంతి బంతిలాగే ఉంది. 3-0. ప్రొజెక్టర్‌కి ఆ ఒక్క పరుగుకే మూడు స్టార్లు ఇచ్చేశాను.

సౌండు దండగ. లోపలున్న స్పీకరు ఫ్యాను చప్పుడుతో పోటీపడి ఓడిపోయింది. అర్ధరాత్రి కనక వేరే స్పీకరు పెట్టలేదు. ఆదివారం పెడతాం, కానీ పది దాటితే తగ్గించాలి. అంటే సెకండాఫ్ సగంలో, సరిగ్గా టెన్షన్ ముదిరే వేళకి.

ఇంకో విషయం, ఇది అద్దెకి తీసుకునే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. నెట్‌లో చూపించకండి, డిష్‌కే కలపండి. మూడో అంతస్తు కుర్రాడు మంచం దిగకుండా ఫోన్లో చూస్తున్నాడు. మేం పైన అరిచిన చాలాసేపటికి గానీ అతనికి గోల్ పడలేదు. పెనాల్టీ షూటవుట్‌లో పక్క బిల్డింగ్ వాళ్ల కేక ముందే వినపడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఫైనల్ అంటే నాకు ఎప్పుడూ నిద్ర లేని రాత్రే. 86లో మెక్సికోలో జరిగిన ఫైనల్ దూరదర్శన్‌లో పదకొండున్నరకి మొదలైంది, బురుచాగా అర్జెంటీనాకి గెలుపు గోల్ కొట్టేసరికి ఒంటిగంట దాటింది. 90లో పశ్చిమ జర్మనీ బ్రెమె పెనాల్టీ, ఓడిన మారడోనా కన్నీళ్లు. 2014లో జర్మనీ గోట్జె మన మీద ఎక్స్‌ట్రా టైంలో కొట్టినప్పుడు తెల్లవారుజాము మూడు కావస్తోంది, ఇంట్లో అరవడానికి కూడా లేదు. అర్జెంటీనా ఫైనల్ నాకు భోజనాల వేళకి దొరకడం ఇదే మొదటిసారి. అందుకేనేమో మొన్నటి నుంచి అన్నం సయించడం లేదు. మెస్సీకి 35 ఏళ్లు, తన చివరి ప్రపంచకప్ మ్యాచ్ ఇదేనని తనే చెప్పేశాడు. ఈ కప్పు మొదటి మ్యాచ్‌లో సౌదీ చేతిలో అర్జెంటీనా 2-1తో ఓడిన రోజు ఇంటికి పొమ్మన్నవాళ్లంతా ఇప్పుడు నన్ను చోటు అడుగుతున్నారు. అవతల ఫ్రాన్స్‌కి ఎంబాపే, అతనివీ అయిదు గోల్సే, మెస్సీవీ అయిదే. పక్క ఫ్లాట్ కుర్రాడు ఎంబాపే భక్తుడు. లిఫ్టులో కలిసినప్పుడల్లా నవ్వుతాడు, నేను పైన అంకెలు మారడం చూస్తుంటాను.

షాపుకి అయిదులో రెండు, బొమ్మకి నాలుగున్నర. డిసెంబర్ చలికి డాబా మీద మంచు పడుతుంది, ప్రొజెక్టర్ మీద గొడుగు లాంటిదేదైనా కట్టండి. గాలికి తెర ఊగకుండా స్టాండు కాళ్ల మీద రెండేసి ఇటుకలు పెట్టండి. కరెంటు పోతే లాంప్ మళ్లీ వెలగడానికి టైం పడుతుంది, మేం ఈసారి చిన్న యూపీఎస్ పెడుతున్నాం.

ఆదివారానికి డిపాజిట్ కట్టేశాను. రిమోట్ ముందే చేతికి తీసుకున్నా, పొడుగు కేబుల్ నేనే కొన్నా. కుర్రాడిని మధ్యాహ్నం రెండుకే రమ్మన్నాను, కాబట్టి అయిదున్నరకి వస్తాడని లెక్క.