విగ్రహమా, ఊరి పేరా: జ్ఞాపకానికి ఏది గట్టి?

విగ్రహం కంటికి కనిపిస్తుంది, అదే దాని బలం, అదే బలహీనత. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌పై 33 విగ్రహాలు పెట్టించింది. నన్నయ, మొల్ల, కాటన్, మఖ్దూం అందరూ ఉన్నారు, కొమురం భీం లేడు. ఎవరిని వదిలేశారన్నది కూడా జనం చదువుతారు. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్‌లో పలు విగ్రహాలు కూలాయి. వాటిని తిరిగి నిలబెట్టారు. భీం విగ్రహం ఆ తర్వాతే చేరింది. ఇప్పుడు కొత్తది పెట్టాలంటే స్థలమే మొదటి చిక్కు: రోడ్లపై, కాలిబాటలపై విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇక శిలాఫలకం మీద ఆవిష్కర్తల పేర్లే పెద్దక్షరాల్లో ఉంటాయి. ఆ మనిషి ఏం చేశాడో రెండు వాక్యాలు ఉండవు.

పేరును ఎవరూ కూలగొట్టలేరు గానీ, కత్తిరిస్తారు. 2016లో ఏర్పడిన కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాడుకలో ఆసిఫాబాదే. 2008లో పొట్టి శ్రీరాములు పేరు చేర్చినా నెల్లూరు నెల్లూరే. పాత పేరు పక్కనే ఉంటే నాలుక దాన్నే పట్టుకుంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాకు (2022) ఆ ఇబ్బంది లేదు, పక్కన పాత ఊరి పేరు లేదు. కాకపోతే అదీ పొడవే.

ఖర్చు చేసేది ఒక్కదానికే అయితే పేరు వైపే మొగ్గాలి, అదీ పొట్టిగా, ఒంటరిగా ఉంటేనే.