పాత పేజీమేకర్ కోసం వర్చువల్‌బాక్స్: ఏడేళ్ళ వాడకం తరువాత

మా డీటీపీ సెంటరులో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు, 2001 నాటి పేజీమేకర్ 7.0 ఇప్పటికీ ప్రతి రోజూ తెరుచుకుంటుంది. తెలుగు అచ్చుపనిలో ఉన్నవారికి కారణం చెప్పనవసరం లేదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మనం అను వంటి ఫాంట్లతో పని చేశాం. ఆ ఫాంట్లలో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి కనుక, ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే శుభలేఖకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. నా దగ్గర అలాంటి ఫైళ్ళు ఇరవై ఏళ్ళవి ఉన్నాయి. పెళ్ళి పిలుపులు, సావనీర్లు, కవితా సంకలనాలు, గుడి కరపత్రాలు అన్నీ అందులోనే ఉన్నాయి.

2018లో మా విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. అలాంటి బోర్డు మళ్ళీ దొరకదని మెకానిక్ తేల్చి చెప్పాడు. పాత సాఫ్ట్‌వేరును కొత్త విండోస్‌లో నేరుగా దించుకుని పని నడిపించుకునేవారు లేకపోలేదు. నేను మాత్రం ఆ ఫాంట్లు ఏ విండోస్ కోసం తయారయ్యాయో అందులోనే వాటిని ఉంచాలనుకున్నాను. అందుకే కొత్త కంప్యూటరులో వర్చువల్‌బాక్స్ పెట్టి (ఒక కంప్యూటరు లోపల మరో కంప్యూటరును, అంటే వర్చువల్ మెషీన్‌ను, ఒక కిటికీలో నడిపించే సాఫ్ట్‌వేరు ఇది), నా దగ్గరున్న అసలు సీడీతో దాని లోపల ఎక్స్‌పీని స్థాపించాను. అప్పటి నుండి నేటి వరకు నా సంపాదనలో సగం ఆ కిటికీలో నుంచే వస్తున్నది.

వర్చువల్‌బాక్స్‌ను ఇన్నోటెక్ అనే జర్మన్ సంస్థ 2007లో విడుదల చేసింది. ఆ సంస్థను 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుగోలు చేసింది, 2010లో సన్ ఒరాకిల్ చేతికి వచ్చింది. ఇన్ని చేతులు మారినా దాని ప్రధాన భాగం ఓపెన్ సోర్సుగానే, అంటే మూల కోడు అందరికీ తెరిచి, నిలిచి ఉండటం మా వంటి చిన్న దుకాణాలకు ఎంతో మేలు చేసింది.

స్థాపించే ముందు ఒక పని తప్పనిసరి. కంప్యూటరు బయాస్‌లోకి (విండోస్ మొదలవక ముందు తెరుచుకునే అమరికల్లోకి) వెళ్ళి, ఇంటెల్ ప్రాసెసరు అయితే వీటీ-ఎక్స్‌ను, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అని కనిపించే అమరికను ఆన్ చేయాలి. 2019 డిసెంబరులో వచ్చిన వర్చువల్‌బాక్స్ 6.1 నుండి ప్రాసెసరు సాయం లేకుండా వర్చువల్ మెషీన్ నడిచే మార్గాన్ని తీసేశారు కనుక, ఇది చేయకపోతే ముందుకు వెళ్ళలేం. ఎక్స్‌పీకి నేను ఒక ప్రాసెసరు, 1 జీబీ మెమరీ, 20 జీబీ డిస్కు కేటాయించాను. పేజీమేకర్‌కు అది పుష్కలం. డిస్కును పాత పద్ధతి అయిన ఐడీఈ కంట్రోలరుకే తగిలించాలి, ఎందుకంటే దాని తరువాత వచ్చిన సాటాకు అవసరమైన డ్రైవరు ఎక్స్‌పీ సీడీలో లేదు. నెట్‌వర్క్ కార్డుల జాబితాలో ఇంటెల్ ప్రో/1000 టీ సర్వర్‌ను ఎంచుకుంటే ఎక్స్‌పీ దాన్ని వెంటనే గుర్తుపడుతుంది. అయితే ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి కనుక, నేను ఆ కార్డుకు కేబుల్ తగిలించినట్లు చూపే గడిలో టిక్కు తీసేశాను. ఈ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని ఇంటర్నెట్ వైపు తొంగి చూడనివ్వలేదు, మీరూ చూడనివ్వవద్దు.

నాకు అన్నిటికంటే నచ్చింది మెషీన్‌ను ఉన్న స్థితిలో భద్రపరిచే సదుపాయం. రాత్రి దుకాణం కట్టేసేటప్పుడు కిటికీ మూసి, స్థితిని సేవ్ చేయమంటాను. మరునాడు ఉదయం తెరిస్తే, పేజీమేకర్‌లో ముందు రాత్రి ఆపిన మాట పక్కనే కర్సరు మిణుకుతూ ఉంటుంది. మాఘమాసం ముహూర్తాల రోజుల్లో దీని విలువ తెలుస్తుంది. మొన్న ఒక పెద్దాయన ఆరేళ్ళ కిందటి శుభలేఖ పట్టుకొచ్చి, "పెద్దమ్మాయిది ఇదేనండీ, చిన్నదానికీ ఇదే అంచు, ఇవే అక్షరాలు కావాలి" అన్నారు. ఆయన కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగేలోపు పాత ఫైలు తెరిచి, వరుడి పేరున్న పంక్తి మార్చి చూపించాను. ఒక్క వత్తు కూడా చోటు తప్పలేదు.

పూర్తయిన పేజీలను ఎక్స్‌పీలోనే పోస్ట్‌స్క్రిప్ట్ (ప్రింటరుకు పంపే రూపం) ఫైలుగా తీసి పీడీఎఫ్‌గా మార్చి, లోపలి ఎక్స్‌పీకి, బయటి విండోస్‌కు రెండిటికీ కనిపించే షేర్డ్ ఫోల్డరు ద్వారా బయటికి పంపుతాను. అక్కడి నుండి ప్లేటు తీసేవారికి మెయిలు వెళ్తుంది. షేర్డ్ ఫోల్డరు పనిచేయాలంటే వర్చువల్‌బాక్స్‌తో వచ్చే గెస్ట్ అడిషన్స్ అనే అనుబంధ సాఫ్ట్‌వేరును ఎక్స్‌పీలో దించుకోవాలి. వాటితోనే మౌసు లోపలికీ బయటికీ అడ్డు లేకుండా కదులుతుంది, తెర కొలత కిటికీకి తగ్గట్టు మారుతుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. పేజీమేకర్ ఫైలును షేర్డ్ ఫోల్డరులో ఉంచి నేరుగా అక్కడే సవరించవద్దు. ఎక్స్‌పీ డిస్కు మీద పని పూర్తి చేసి, తరువాత ప్రతిని బయటికి పంపడమే క్షేమం.

వేగం గురించి కొంత వివరంగా చెప్పాలి. విండోస్ 11కు మారిన తరువాత ఎక్స్‌పీ బరువుగా కదులుతున్నట్లు అనిపించింది. మెషీన్ కిటికీ అడుగున కుడి మూలన ఉండే చిన్న చిహ్నాల వరుసలో ఒక ఆకుపచ్చ తాబేలు కనిపించింది. విండోస్ తన సొంత హైపర్‌వైజరును (వర్చువల్ మెషీన్లను నడిపే అంతర్గత భాగాన్ని) ఆన్ చేసుకుందని, వర్చువల్‌బాక్స్ ఇప్పుడు ప్రాసెసరును నేరుగా కాక దాని ద్వారా అందుకుంటున్నదని ఆ తాబేలు చెబుతుంది. సాధారణంగా విండోస్ భద్రతా అమరికల్లోని మెమరీ ఇంటిగ్రిటీ ఇందుకు కారణమవుతుంది, దాన్ని ఆపితే తాబేలు పోవచ్చు. నేను ఆపలేదు. బ్యాంకు లావాదేవీలు, జీఎస్టీ రిటర్నులు అదే కంప్యూటరులో చేస్తాను కనుక ఆ రక్షణను వదులుకోవడం తెలివైన పని అనిపించలేదు. పేజీ తిప్పడానికి మరొక్క క్షణం పడుతుంది, అంతే. దీని లోపల వీడియో ఎడిటింగు చేయాలనుకునేవారి లెక్క మాత్రం వేరు.

నా వల్ల జరిగిన ఒక పెద్ద పొరపాటును ఇక్కడ చెప్పకుండా ఉండలేను. స్నాప్‌షాట్ తీస్తే మెషీన్ అప్పటి స్థితి నిలిచిపోతుంది, తరువాతి మార్పులన్నీ వేరే ఫైలులోకి వెళ్తాయి. నేను ప్రతి పెద్ద పుస్తకానికి ముందు ఒక స్నాప్‌షాట్ తీస్తూ పోయాను. డిస్కు నిండిపోయిన రోజున, పాతవే కదా అనుకుని, స్నాప్‌షాట్ల ఫోల్డరులోని ఒక ఫైలును విండోస్‌లోనే డిలీట్ చేశాను. గొలుసులో ఒక లంకె తెగితే దాని తరువాతివేవీ తెరుచుకోవు. మెషీన్ లేవనంది. మూడు నెలల కిందటి పెన్‌డ్రైవు ప్రతి ఉండబట్టి బయటపడ్డాను కానీ, ఒక కవిగారి సంకలనంలో అరవై పేజీలు మళ్ళీ కూర్చవలసి వచ్చింది. స్నాప్‌షాట్‌ను తొలగించాలంటే వర్చువల్‌బాక్స్ లోపలి నుండే తొలగించాలి. అప్పుడు అది ఫైళ్ళను కలుపుకుంటుంది, ఆ కలుపుకోవడానికి డిస్కులో ఖాళీ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా స్నాప్‌షాట్‌ను బ్యాకప్‌గా లెక్కించకూడదు.

డిస్కు ఫైలు గురించి కూడా ఇదే సందర్భంలో తెలుసుకోవాలి. వర్చువల్ మెషీన్ డిస్కు మొత్తం వీడీఐ అనే ఒక ఫైలులో ఉంటుంది. అవసరాన్ని బట్టి పెరిగేదిగా ఎంచుకున్న వీడీఐ ఫైలు పెరుగుతుందే గాని, లోపల ఫైళ్ళు తీసేసినా దానంతట అది తగ్గదు. ఖాళీ చోటును సున్నాలతో నింపి, ఆపైన కమాండు లైను నుండి కాంపాక్ట్ చేయాలి. కమాండ్లు అలవాటు లేనివారికి ఇది కాస్త విసుగు పుట్టించే పని.

లైసెన్సు విషయంలో దుకాణదారులు ఏమరపాటుగా ఉండకూడదు. వర్చువల్‌బాక్స్ ప్రధాన ప్యాకేజీని వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకోవచ్చు. అదనపు సదుపాయాలనిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ మాత్రం వ్యక్తిగత వాడకానికి, విద్యా అవసరాలకు, పరీక్షించి చూడటానికి మాత్రమే ఉచితం. 2022 అక్టోబరులో వచ్చిన వర్చువల్‌బాక్స్ 7.0 నుండి యూఎస్‌బీ 2, 3 మద్దతు ప్రధాన ప్యాకేజీలోకే వచ్చింది కనుక నాకు దాని అవసరమే లేకుండా పోయింది. లోపల స్థాపించే విండోస్‌కు, పేజీమేకర్‌కు, ఫాంట్లకు మీ సొంత లైసెన్సులు ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఇలాంటిదే మరొక సాఫ్ట్‌వేరు వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబరు నుండి వాణిజ్య వాడకానికీ ఉచితమైంది. కొత్తగా మొదలుపెట్టేవారు దాన్నీ చూడవచ్చు. ఆపిల్ ఎం శ్రేణి చిప్పులున్న మాక్ కొన్నవారికి మాత్రం ఈ మార్గం లేదు. వర్చువల్‌బాక్స్ 7.1 ఆ యంత్రాల మీద నడుస్తుంది కానీ ఆ చిప్పుల రకమైన ఆర్మ్ కోసం తయారైన వ్యవస్థలనే లోపలికి రానిస్తుంది, ఎక్స్‌పీని నడపలేదు.

గత సంవత్సరం కంప్యూటరు మార్చినప్పుడు మొత్తం మెషీన్‌ను ఒకే ఓవీఏ ఫైలుగా తీసి, కొత్తదానిలోకి దిగుమతి చేసుకున్నాను. ఆ సమయంలో పాత మ్యాక్ అడ్రసులన్నీ (నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు సంఖ్యలు) ఉంచే ఐచ్ఛికాన్ని ఎంచుకున్నాను, లేకపోతే ఎక్స్‌పీ తనను వేరే యంత్రంలో పెట్టారని అనుకునే అవకాశం ఉంది. ఇప్పుడు ప్రతి నెల మొదటి ఆదివారం అలాంటి ఓవీఏ ఒకటి తీసి, మా ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో దిగుమతి చేసి, ఏదో ఒక పాత శుభలేఖ తెరిచి, వత్తులన్నీ వాటి చోట్ల ఉన్నాయని చూసుకున్న తరువాతే ముందు నెల ప్రతిని తీసేస్తున్నాను.