850 రూపాయల క్లాంప్ మీటర్, 1,650 రూపాయల కాయిల్

మా 15 లీటర్ల గీజరులో నీళ్లు పావుగంటలో కాగేవి. డిసెంబరు వచ్చేసరికి పాతిక నిమిషాలైనా సరిగ్గా కాగడం లేదు. రిపేరు అతన్ని పిలిస్తే మూత కూడా తీయకుండా, "కాయిల్ వీకైపోయిందమ్మా, మార్చాలి, 1,650 అవుద్ది" అన్నాడు. మా అమ్మాయి పదో తరగతి. ఆ వారమే ఓమ్ నియమం చదివింది. "కొలవకుండా ఎలా తెలిసింది అంకుల్?" అని అడిగేసింది. అతనికి కోపం వచ్చింది, నాకు అనుమానం వచ్చింది.

మర్నాడు కోఠి వెళ్లినప్పుడు ట్రూప్ బజార్‌లో ఈ క్లాంప్ మీటరు కొన్నాను. 950 చెప్పి 850కి ఇచ్చారు. పీత డెక్కలా నోరు తెరుస్తుంది. దాన్ని వైరుకు తగిలిస్తే చాలు, ఎంత కరెంటు పోతోందో చెబుతుంది, వైరు కోయక్కర్లేదు. వోల్టులకూ ఓములకూ రెండు ప్రోబులు వేరే ఉన్నాయి.

ఇంటికొచ్చి గీజరు వైరు మొత్తానికి తగిలించాను. సున్నా. మోసపోయాననుకుని షాపుకి ఫోన్ చేస్తే అబ్బాయి నవ్వాడు. "అక్కా, ఒక్క వైరుకే పెట్టాలి. పోయేదీ వచ్చేదీ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి." ఈ ముక్క డబ్బా మీద రాసి ఉంటే బాగుండేది. లోపలున్న కాగితం చదవాలంటే భూతద్దం కావాలి.

మోటారు వైండింగు పని చేసే మా తమ్ముడు ఒక టెస్టు బోర్డు చేసిచ్చాడు. ప్లగ్గు నుంచి మూడు వైర్లూ విడివిడిగా వస్తాయి. రెండు సాకెట్లు, ఒకటి గీజరుకి, ఒకటి ప్రోబులకి. దానికి మరో 300 ఖర్చు. ఇది లేకుండా ఇంట్లో ఈ మీటరు కొని పెద్ద ఉపయోగం లేదు. స్విచ్‌బోర్డు విప్పి వైర్లు లాగి చూడటం మాత్రం చేయకండి.

పొద్దున ఆరున్నరకు, వీధంతా గీజర్లు వేసే వేళ, చూశాం. గీజరు నడుస్తుండగా 191 వోల్టులు, 7.2 ఆంప్స్. అమ్మాయి కాగితం మీద భాగించింది. 191ని 7.2తో భాగిస్తే నిరోధం 26.5 ఓములు. గీజరు మీద 230 వోల్టులకి 2000 వాట్లని రాసుంది. 230ని 230తో గుణించి 2000తో భాగిస్తే 26.45. అంటే కాయిల్ కొత్తదానిలాగే ఉంది! మరి వేడెందుకు లేదు? 191 ఇంటూ 7.2, అంటే 1375 వాట్లే అందుతున్నాయి. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే సామర్థ్యం దాదాపు మూడో వంతు పడిపోయింది. వోల్టులు తగ్గితే ఆంప్స్ కూడా వాటితో పాటే తగ్గుతాయి కదా, దెబ్బ రెండు వైపులా పడుతుంది.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. గీజరు ఆపితే అదే సాకెట్లో 206 చూపిస్తోంది. వేయగానే 191. పదిహేను వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. తమ్ముడు మెయిన్ ఆపి బాత్రూమ్ పైనున్న జంక్షన్ బాక్సు తెరిచాడు. మెలిపెట్టి టేపు చుట్టిన న్యూట్రల్ జాయింటు బొగ్గులా ఉంది. కోసి, గట్టి కనెక్టరు వేశాడు. ఇప్పుడు గీజరు నడుస్తుంటే 201 వోల్టులు, 7.6 ఆంప్స్, సుమారు 1530 వాట్లు. మిగిలిన 5 వోల్టుల తేడా వైర్లదే అన్నాడు. నాకు ఒళ్లు జలదరించిన లెక్క వేరే ఉంది. ఆ జాయింటు దగ్గర పోయిన 10 వోల్టులను 7.2తో గుణిస్తే 72 వాట్లు. పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్లు మూడు గోడలో పెట్టి మేం స్నానాలు చేస్తున్నామన్నమాట.

ఈ ఉత్సాహంలో ఫ్రిజ్ కూడా కొలిచాం. 1.1 ఆంప్స్, 225 వోల్టులు, గుణిస్తే 247. అమ్మాయి 247 వాట్లని రాసేసింది. ఇక్కడ ఆ లెక్క కుదరదు. కాయిల్ వేడెక్కే వస్తువులకే వోల్టులూ ఆంప్సూ నేరుగా గుణించాలి, మోటారున్న వాటికి పవర్ ఫ్యాక్టరుతో కూడా గుణించాలి, అంటే వచ్చిన అంకెలో నిజంగా ఖర్చయ్యే వంతుతో. మా కరెంటు మీటరు మీద యూనిట్‌కి 3200 మెరుపులని ఉంది, అంటే ఒక యూనిట్ కాలేసరికి దాని చిన్న లైటు అన్నిసార్లు మెరుస్తుంది. మిగతావన్నీ ఆపి ఫ్రిజ్ ఒక్కటే ఉంచి లెక్కపెడితే నిమిషానికి 8 మెరుపులు, గంటకు 480. 480ని 3200తో భాగిస్తే గంటకు 0.15 యూనిట్, అంటే 150 వాట్లే. క్లాంప్ మీటరు అబద్ధం చెప్పలేదు కానీ, పవర్ ఫ్యాక్టరు చూపించదు.

ఇంకో రెండు లోపాలు. ఆంప్స్‌లో ఒక్క దశాంశమే చూపిస్తుంది, ఫోను ఛార్జరు లాంటివాటికి పనికిరాదు. వైరును నోట్లోంచి పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించడం ఒక ఉపాయం, నాకంత ఓపిక లేదు. ప్రోబుల వైర్లు మరీ పలచన. వాటిని పక్కనపెట్టి 120 పెట్టి వేరేవి కొన్నాను.

అయిదుకి నాలుగు నక్షత్రాలు. గీజరుకి కాయిల్ మార్చలేదు. వంటింటి వైపు జంక్షన్ బాక్సు ఇంకా తెరవలేదు, సంక్రాంతి తర్వాత చూస్తానన్నాడు తమ్ముడు. అందాకా గ్రైండరూ ఓవెనూ ఒకేసారి వేయడం లేదు.